పిలుపు – పని

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున పూర్వ విద్యార్థుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



"విశ్వాసము – జీవితము" అను విషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఈ పాఠశాల చర్చివారిది కాదు, తెలుగువారి సంఘమునకు చెందినది. ఈ సభలో తిరుమల కొండకు నడిచి ఎక్కువారును, శుక్రవారము నమాజునకు పోవువారును, మావలె ఆదివారము ఉదయమున బైబిలు చేతబట్టుకొని బయలుదేరువారును కలరు. కావున వేదికనెక్కి మతబోధ చేయుట మాకు తగదు. క్రైస్తవులమైన మేము మా పనిని ఏ కంటితో చూచుచున్నామో, అంతవరకే చెప్పెదము.

మా చర్చిలలో "పిలుపు" అను మాట ఒకటి తరచు వినబడును. ఒక యువకుడు పాస్టరు చదువునకు పోయినయెడల "వానికి దేవుని పిలుపు అందినది" అని పెద్దలు కన్నీరు పెట్టుకొని సంతసింతురు. అదే యువకుడు రైల్వేలో గుమాస్తాగా చేరినచో "ఉద్యోగము దొరికినది" అని మాత్రమే అందురు. మిఠాయి పంచుదురు, అది వేరు సంగతి. పాస్టరుగారి పనికి పిలుపు, తక్కినవారి పనికి జీతము. ఈ పంపకము మాకు ఎన్నడును రుచింపలేదు. పదునారవ శతాబ్దమున జర్మనీ దేశమున మార్టిన్ లూథరునకును రుచింపలేదు. చెప్పులు కుట్టువాడును, ఇల్లూడ్చు దాసియు తమ తమ పనులలో సన్యాసికి ఏ మాత్రము తీసిపోని పిలుపు గలవారేయని ఆయన బోధించెను.

మాట గొప్పది. కాని దానిని మన దేశమునకు తెచ్చుకొనుటలో ఒక చిక్కు కలదు. ఇచ్చట చెప్పులు కుట్టువానికి ఆ పనిని అప్పగించినది ఎవరు? అతని పుట్టుక. తండ్రి కుట్టెను గనుక కొడుకు కుట్టవలెనని ఊరు నిర్ణయించినది. అట్టి పనిని "దేవుని పిలుపు" అని దీవించినచో, ఊరు వేసిన సంకెలకు దేవుని పేరు పెట్టినట్లగును. మరి పిలుపు అనగా నేమి? ఈ ప్రశ్నకు మాకు తెలిసినంతలో మంచి సమాధానము ఒంగోలు సీమలో దొరకును. ఆ కథయే ఈ సాయంకాలము కొంత తీరికగా చెప్పదలచితిమి.

జాన్ ఎవరెట్ క్లౌ అను అమెరికా బాప్టిస్టు మిషనరీ 1866వ సంవత్సరమున ఒంగోలు చేరెను. మిషనరీ కాకమునుపు అతడు తన దేశమున భూములు కొలిచిన సర్వేయరు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు, ముందు పనికివచ్చును. ఆ సంవత్సరముననే యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ పెద్ద బాప్తిస్మము పొందెను. పేరయ్య తోళ్ళ వ్యాపారి. తోళ్ళు కొనుటకు దూరదేశము పోయినప్పుడు సువార్త వినెను. అంతకుముందే ఒక స్త్రీని గురువుగా నెంచి యోగ మార్గమున సాధన చేసినవాడు. దొర వచ్చి నిద్ర లేపినవాడు కాడు, తానే వెదకుచుండినవాడని మా తాత్పర్యము.

పేరయ్య వెంబడి అతని కులమువారు వచ్చుట మొదలిడిరి. అప్పటికి దొర పెట్టిన బడిలో ఊరి పై కులముల బాలురు చదువుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నయెడల మా పిల్లలను పంపమని పెద్దలు కబురు చేసిరి. దొరకు పెద్ద చిక్కు వచ్చినది. పై కులములవారు వచ్చినచో ఊరంతయు వెంట వచ్చునని ఆ కాలపు మిషనరీలలో అనేకుల ఆశ. అతడు ఒక గదిలోను, అతని భార్య వేరొక గదిలోను, ఒకరి సంగతి ఒకరికి తెలియక బైబిలు తెరచి చూడగా ఇరువురికిని ఒకే చోటు కనబడెనట. అది పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయము. మీకు అందిన పిలుపును తలచుకొనుడు, మీలో జ్ఞానులును గొప్పవంశమువారును ఎందరు, లోకము నీచముగా నెంచినవారినే గదా దేవుడు ఎన్నుకొన్నది అని అచ్చటి భావము. కాకతాళీయమని కొందరు అనవచ్చును. వారితో మేము వాదింపము. కాని దాని ఫలము కాకతాళీయము కాదు. పై కులముల బాలురు బడి విడిచిపోయిరి. తలుపు మాత్రము మూయబడలేదు.

పిలుపు అందినవారు ఏమి చేసిరి? చెప్పులు కుట్టుట మానిరా? మానలేదు. క్లౌ దొరకు పిమ్మట భార్యయైన ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ ఈ జనులను గూర్చి 1899లో వ్రాసిన పుస్తకమునకు పేరే "చెప్పులు కుట్టుచుండగా" అను అర్థము వచ్చునట్లు ఉంచెను. కుట్టుట మానలేదు గాని మూడు సంగతులు మానిరి. చచ్చిన పశువు మాంసము తినుట మానిరి. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టుట మానిరి. ఆదివారము పనికి పోవుట మానిరి. ఇంతే. కాని ఊరికి ఇది ఇంత అని తోచలేదు. కరణము, మునసబు కోపగించిరి; పని లేకుండ చేసిరి; నీరు దొరకకుండ చేసిరి; కొందరిపై లేనిపోని నేరములు మోపిరి. ఎందుచేత? తరతరములుగా "చిత్తము" అనుటకు మాత్రమే అలవడిన నోరు మొదటిసారి "కాదు" అనెను. చేతి పని అదియే, పనివాడు మారెను. పిలుపు అను మాటకు మేము ఇంతకంటె మంచి అర్థము నెరుగము.

ఇక కరువు కథ. 1876లో వానలు ముఖము చాటు చేసినవి. అది ధాత నామ సంవత్సరము గావున మన పెద్దలు దానిని ధాత కరువు అనిరి. ఈ చెన్నపట్టణపు తమిళ సోదరులు నేటికిని తాదు వరుష పంజమనియే చెప్పుకొందురు. 1878 వరకు దక్షిణదేశము మాడిపోయినది. కరువు పనులలో భాగముగా సర్కారువారు సముద్రతీరము వెంబడి కాలువ త్రవ్వించిరి. అప్పటి మదరాసు గవర్నరైన బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి నిలిచినది. పనికి పోయిన బడుగులకు సరియైన కూలి అందునను నమ్మకము లేదు. అప్పుడు క్లౌ దొర తన పాత సర్వేయరు విద్యను బయటికి తీసి, సుమారు మూడు మైళ్ళ కాలువను తానే కంట్రాక్టు పట్టెను. తెలుగు బోధకులను మేస్త్రీలుగా నియమించెను. జనులకు గుడిసెలు వేయించెను, కూలి సక్రమముగా ఇప్పించెను. పలుగు పట్టినవారు విశ్రాంతికి కూర్చున్నప్పుడు బోధకులు వారి ప్రక్కన కూర్చుండి మాటలాడిరి.

ఇచ్చట ఒక సంగతి కలదు. ఒంగోలు చరిత్ర చెప్పువారు దీనిని గబగబ దాటిపోవుదురు, మేము మాత్రము ఆగెదము. ఆ కరువులో వేలకొలది జనులు బాప్తిస్మము అడిగిరి. పదునైదు మాసములు అతడు ఇయ్యలేదు. కడుపు కాలుచున్నవాడు అడుగునది అన్నమో, దేవుడో తేల్చి చెప్పుట కష్టము. కావున అన్నము ఇచ్చెను, రెండవది నిలిపెను. అమెరికాలో చందాలిచ్చిన సంఘములకు చూపవలసిన అంకె ఆ పదునైదు మాసములు సున్న. ఏ ఉద్యోగియైనను పై అధికారికి సున్న చూపించుట ఎంత కష్టమో ఈ సభలోని గుమాస్తాలకు మేము చెప్పనక్కరలేదు. మా దృష్టిలో ఆ సున్నయే ఒంగోలు మిషను చరిత్రలో గొప్ప అంకె.

అందరును చెప్పు అంకె వేరు. కరువు సడలి, కూలి పని ముగిసిన పిమ్మట 1878 జులై మాసమున గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లివద్ద మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందిరి. అందులో జులై 3వ తేదీ ఒక్కనాడే 2,222 మంది. నీళ్ళలో దిగి ఆ కార్యము జరిపినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున. దొర ఒడ్డున నిలిచియుండెను. పుస్తకములు దొర పేరు చెప్పును. నీళ్ళలో తడిసిన చేతులు మనవారివి.

కూటికొరకు మతము మారిరని ఆనాడును అనిరి, నేడును అందురు. అడుగదగిన ప్రశ్నయే. కాని ఆ నదిలో దిగునాటికి కూడు తిని అరిగిపోయినది, కాలువ పని ముగిసినది, ఊళ్ళో ఎదుర్కొనవలసిన కష్టము మాత్రమే మిగిలియున్నది. దిగిన ప్రతివాని మనస్సు ఎట్టిదో మేము చెప్పలేము, చెప్పుటకు మేమెవరము? కూలిని, బాప్తిస్మమును ఒకే చేతితో ఒకే దినమున ఇయ్యలేదన్నది మాత్రము చరిత్ర.

ఆ కాలువకును మన నగరమునకును సంబంధమేమని మీలో చిన్నవారు అడుగవచ్చును. పెద్దగంజాము మొదలుకొని మరక్కాణము వరకు సుమారు 420 కిలోమీటర్లు సాగు ఆ కాలువ మన నగరము నడుమగా పోవుచున్నది. కూవము నదిని అడయారు నదితో కలుపు భాగము 1877–78లో ఆ కరువు పనిగానే త్రవ్వబడెను. ఒకప్పుడు నెల్లూరు సీమనుండి పడవలు సరుకు తెచ్చిన దారి. నేడు పడవ లేదు. మురుగు నీరు, దానిలో ఎత్తురైలు స్తంభములు. ప్రతి ఉదయము ఆ రైలెక్కి కిటికీ మూసికొనువారిలో ఆ కాలువ త్రవ్వినవారి మునిమనుమలు లేరని ఎవరు చెప్పగలరు?

ఈ నగరపు వీధులు ఊడ్చినవారిలోను, మురుగు గుంటలలో దిగినవారిలోను తెలుగు మాటలాడు కుటుంబములు అనేకము. తరతరములుగా అదే పని. 1993లో ఒక చట్టము, 2013లో మరింత గట్టి చట్టము మనిషిచేత మలము ఎత్తించుటను నిషేధించినవి. చట్టములు ఉన్నవి, గుంటలో దిగి ఊపిరాడక చనిపోయినవారి వార్తలును పత్రికలలో వచ్చుచునే యున్నవి. ఆ కుటుంబముల పిల్లలు మన బడిలో చదివిరి, చదువుచున్నారు. ఈ సభలో కూర్చున్న కొందరికి ఈ మాటలు పుస్తకపు మాటలు కావు.

ఇప్పుడు ఆ కొరింథీయుల పత్రికయే మరల తెరువవలసియున్నది. ఏడవ అధ్యాయమున పౌలు, పిలుపు అందిననాడు ఎవడు ఏ స్థితిలో నుండెనో ఆ స్థితిలోనే యుండవచ్చునను అర్థము వచ్చు మాట చెప్పెను. ఈ మాటను పట్టుకొని "ఉన్నచోటనే యుండుడు, అదియే దేవుని చిత్తము" అని బోధించిన పెద్దలను మేము చిన్ననాట వినియున్నాము. వారు ఒక వచనమునకే చదువు ఆపిరి. ఆ తరువాతి వచనముననే, దాసుడైనవాడు స్వతంత్రుడగుటకు వీలు కలిగినచో ఆ వీలును ఉపయోగించుకొనవలెనని పౌలు చెప్పెను. ఆ పుట తిప్పనక్కరలేదు, కన్ను ఒక వరుస క్రిందికి దించిన చాలును.

ఉపాధ్యాయునిగా మా విశ్వాసము ఎచ్చట కనబడునని అడిగినచో, తరగతిలో కనబడదు. తరగతి గదిలో మేము ఏ నాడును మతము చెప్పలేదు. పిల్లవాడు పాఠము కొరకు వచ్చెను గాని మా దేవుని కొరకు కాదు. కనబడినచో బదిలీ సర్టిఫికెట్టు అడిగిన దినముననే ఇచ్చుటలో కనబడవలెను. మధ్యాహ్న భోజనపు వరుసలో చివరి పిల్లవానికిని గ్రుడ్డు మిగులునట్లు చూచుటలో కనబడవలెను. మా విశ్వాసులలోనే కొందరు ఆదివారము కానుక సంచిలో పెద్ద నోటు వేసి, సోమవారము పనిమనిషి జీతములో రెండు దినముల కోత పెట్టుదురు. పట్టియుంచిన కూలి దేవుని చెవిలో మొర పెట్టునని యాకోబు పత్రికలో ఉన్నది; ఆ పత్రిక మా చర్చిలలో అంత తరచుగా చదువబడదు. కారణము మీరు ఊహింపవచ్చును.

2006లో తమిళ అభ్యాస చట్టము వచ్చిన తరువాత, తెలుగు బడి ఇంకను ఎందులకని తలిదండ్రులు మమ్ము అడుగుచున్నారు. తమిళము నేర్చుట మంచిదే, మేమును నేర్చితిమి, దానితో బ్రదికితిమి. కాని అమ్మ మాటలో అక్షరములు దిద్దిన పిల్ల, మొదటి దినముననే తల వంచుకొని కూర్చుండదు. ఒకరిద్దరు పిల్లలున్న తరగతికి సైతము మేము గంట కొట్టుట అందుకొరకే.

కడపటగా ఒక పని చెప్పి విరమించెదము. దరఖాస్తు పత్రములలో "తండ్రి వృత్తి" అను గడి యుండును. ఆ గడి వచ్చినప్పుడు కొందరు పిల్లల కలము ఆగిపోవును. ఒక బాలిక మాత్రము మా గదికి వచ్చి, "అయ్యా, ఇచ్చట ఏమి వ్రాయవలెను?" అని అడిగెను. "నాన్నగారు చేయు పనిని ఉన్నదున్నట్లు వ్రాయుము తల్లీ, ఆ గడి నాన్నది, నీ గడి ఇంకను ఖాళీగానే యున్నది" అని చెప్పితిమి. ఆమె వ్రాసినది. ఆ పిల్లవంటివారికి స్కాలర్‌షిప్పు పత్రములు, కులధృవీకరణ పత్రములు, కళాశాల దరఖాస్తులు నింపిపెట్టుటకు మాకు మనుషులు చాలరు. ఉపాధ్యాయులు ముగ్గురము. బ్యాంకులలోను, ఆఫీసులలోను పనిచేయుచున్న పూర్వ విద్యార్థులు ఈ సభలో ముప్పదిమందికి తక్కువ లేరు. పదవ తరగతి ఫలితములు వచ్చిన మరుసటి శనివారము మొదలుకొని నాలుగు శనివారములు, సాయంత్రము నాలుగు గంటలకు, కార్యాలయపు వరండాలో బల్లలు వేయించి యుంచెదము. పేర్లు వ్రాయించుకొనుటకు గుమాస్తాగారు ద్వారమువద్దనే పుస్తకముతో కూర్చుండియున్నారు. మీ కలము మీరే తెచ్చుకొనుడు.