ఉద్యోగనామము – ఉద్యోగధర్మము
(వరంగల్లు వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



మీ బిడ్డ యేమి చేయుచున్నాడని యడిగినచో నేడు మన యిండ్లలో "బిజినెస్ ఎనలిస్టు" అనియో, "కన్సల్టెంటు" అనియో ప్రత్యుత్తరము వచ్చుచున్నది. రెండవది గొప్పదని తలంచి సంబంధములు నిశ్చయించువారు కలరు. మొదటిదానికై అప్పు చేసి పిల్లలను హైదరాబాదునకు శిక్షణకు పంపువారును కలరు. మేమును పేరు విని తృప్తిపడినవారమే. కావుననే ఈ భేదమును విన్నవింపబూనితిమి.

మన యెనుమాముల మార్కెట్టునే దృష్టాంతముగా గైకొందము. మిర్చి వర్తకు డొకడు తన లెక్కలను కంప్యూటరున కెక్కింపగోరె ననుకొందము. బస్తా దిగినది మొదలు కాంటా, ధర, హమాలీ కూలి, రైతునకు సొమ్ము ముట్టువరకు ఎవరేమి వ్రాయుచున్నారో గుమాస్తాల నడిగి తెలిసికొని, వర్తకుని యవసరమును ప్రోగ్రాము వ్రాయువారికి సందేహము లేకుండ వ్రాసియిచ్చి, పని ముగిసిన పిమ్మట సరిచూచువాడు బిజినెస్ ఎనలిస్టు. "అయ్యా, మీ నష్టమునకు కారణము లెక్కలు కావు, అరువు బేరము, ముందు దానిని మార్చుకొనుడు" అని చెప్పువాడు కన్సల్టెంటు. ఒకడు అవసరమును స్పష్టపరచును. వేరొకడు మార్గమును సూచించును. మొదటివాడు తరచుగా ఆ సంస్థ యుద్యోగియే. రెండవవాడు తరచుగా వెలుపలినుండి కొంతకాలమునకై వచ్చి ప్రతిఫలము గొని పోవువాడు. నిర్ణయము మాత్రము వర్తకునిదే.

సలహావృత్తి పాతది. ఆర్థర్ డి. లిటిల్ సంస్థ 1886లోను, మెకిన్సీ సంస్థ 1926లోను అమెరికాలో వెలసెను. ఎనలిస్టుల అంతర్జాతీయ సంస్థ కెనడాలో 2003లో ఏర్పడెను. వృత్తులు రెండును గౌరవనీయములే. ఒకటి యెక్కువ, వేరొకటి తక్కువ యనుట తగదు.

అయితే పేరు పనిని సరిగా తెలుపుట లేదు. కొన్ని సాఫ్టువేరు కంపెనీలలో కన్సల్టెంటు అనునది జీతపు మెట్టు మాత్రమే. ప్రోగ్రాము వ్రాయువానికిని ఆ పేరే. గంటల లెక్కను ఇతరుల కార్యాలయమునకు పంపబడువానికిని ఆ పేరే. కన్సల్టెంటు అనిపించుకొనుచు ఎనలిస్టు పనియే చేయువారు పెక్కుమంది.

ఇందలి యపాయ మొకటి కలదు. అమెరికాలో హెచ్-1బి వీసా పరిశీలించునపుడు పేరు చాలదు. చేయు పనులేవి, వానికి తగిన చదువున్నదా యని చూతురు. చేయని పనిని చేసినట్లు వ్రాసికొని సంపాదించిన పేరు ఒక్క ప్రశ్నతో కూలిపోవును. తండ్రి చేసిన అప్పు మాత్రము నిలిచియుండును.

ఇది విదేశములకు పోవువారి విషయము మాత్రమే కాదు. 1959లో మన నగరమున ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల వెలసెను. 2020లో మడికొండలో సాఫ్టువేరు కార్యాలయములు తెరువబడెను. ఇంటివద్దనే ఉద్యోగము కోరు పిల్లలకును ఈ వివేకము వలయును.

కావున తలిదండ్రులారా, మూడు ప్రశ్నలడుగుడు: జీతమిచ్చువా రెవరు? దినమున చేయు పని యేమి? ఆ పని చెడినచో జవాబు చెప్పవలసినవా రెవరు? పోషకులు విద్యార్థివేతనముతోపాటు, ఈ వృత్తులలోనున్న మన యువకులు, యువతులు ఏటేట మహాసభనాడు విద్యార్థులతో ఒక గంట కూర్చుండి తమ పనిని యున్నదున్నట్లు చెప్పు నేర్పాటు కావింపవలెనని ప్రార్థించుచున్నాము. పేరు కంపెనీ యిచ్చును, తీసికొనును; నేర్చిన పని మన బిడ్డలయొద్దనే యుండును.