సెనెగలు దేశమున మా మేనకోడలు



పూర్వము మన పల్లెలలో కాశీయాత్ర చేసివచ్చినవారిని అరుగుమీద కూర్చుండబెట్టి త్రోవలోని వింతలు చెప్పించుకొనెడివారు. నేను సముద్రము దాటినవాడను కాను. అయినను సముద్రమున కావల నున్న యొక యింటి దినచర్యను గూర్చి చెప్పదలచి నేడు మీ ముందునకు వచ్చితిని. ఇది నేను కన్నది కాదు, విన్నది. ఎవరివలన విన్నాననగా మా చెల్లెలి కుమార్తెవలన.

మా చెల్లెలు వివాహమైన పిదప భర్తతో అమెరికాకు వెడలి అచ్చటనే స్థిరపడినది. పిల్ల అచ్చటనే పుట్టి పెరిగినది. తెలుగు చక్కగా మాటలాడును గాని వ్రాయనేరదు. 2017వ సంవత్సరమున, ఇరువదిరెండేండ్ల ప్రాయమున, చదువు ముగించి ఉద్యోగమునకు పోక, పీస్ కోర్ అను స్వచ్ఛంద సేవాదళమున చేరి ఆఫ్రికాఖండమునకు పోయినది. ఈ దళమును 1961లో అమెరికా అధ్యక్షుడైన కెన్నెడీ స్థాపించెను. జీతము లేదు; ఊరివారివలె బ్రదుకుటకు చాలిన భత్యము మాత్ర మిత్తురు. గడువు ఇరువదియేడు మాసములు. అందు తొలి మూడు మాసములు శిక్షణము. మన దేశమునకు కూడ 1961 మొదలు 1976 వరకు ఆ దళమువారు వచ్చి పల్లెలలో మసలిరి. మీలో కొందరికి జ్ఞాపక ముండవచ్చును.

మా పిల్లకు ప్రాప్తించిన దేశము సెనెగలు. అది ఆఫ్రికాకు పడమటి కొన. ఫ్రెంచివారి యేలుబడిలో నుండి 1960లో స్వతంత్రమైనది. ప్రజలలో నూటికి తొంబదిమందికి మించి మహమ్మదీయులు. రాజధాని డకారు, దానికి తూర్పున డెబ్బది కిలోమీటర్ల దూరమున తియెస్ అను పట్టణము. ఆ ప్రాంతముననే కొత్తవారికి శిక్షణము. ఈ దళమువారి పద్ధతి యేమనగా, వచ్చినవారిని విడుదులలో నుంచక ఒక్కొక్కరిని ఒక్కొక్క గృహస్థుని యింట నుంచెదరు. భాషయు మర్యాదయు బడిలో కొంత, ఇంటిలో కొంత అబ్బవలె నని వారి తలంపు. ఈ తలంపు మన గురుకులవాసమునకు దూరమైనది కాదు.

ఆమె వ్రాయనేరదంటిని గదా. కావున చరవాణిలో తన కంఠమును ముద్రించి నాకు పంపుచుండెడిది. తొలినాటి దానిలో ఆమె మాటలకంటె ముందుగా నాకు వినబడినది రోకటిపోటు. తెల్లవారకముందే ఆ యింటి యాడువారు సజ్జలు దంచుచున్నారు. రాత్రిభోజనమునకు సజ్జపిండితోనే వంటకము. మా యమ్మ బ్రతికియుండగా విన్న చప్పుడు మరల ఆఫ్రికానుండి వచ్చి చెవిని పడినది.

ఆ యింట పెద్దలు పిన్నలు కలిసి పదునలుగురు. బాల్చీనీటి స్నానము, దొడ్డిలోని పనికి చెంబునీరు. తోడివచ్చిన అమెరికా పిల్లలకు ఈ చెంబువలన వచ్చిన చిక్కు లిచ్చట చెప్పదగినవి కావు. మా పిల్ల మాత్రము వేసవి సెలవులకు మా యింటికి వచ్చిపోయినది కావున ఆ పరీక్షలో సులభముగా గట్టెక్కినది.

భాష వేరు కథ. ఆ దేశమున ఎక్కువమంది పలుకునది వొలోఫు. ఉదయమున లేచి పెరటిలోనికి పోవుటకు ముందు ఇంటనున్న ప్రతివారిని పలుకరింపవలెను. "నంగా దెఫ్" అని యడిగిన "మాంగి ఫి రెక్" అని బదులు. దాని యర్థము "నే నిచ్చటనే యున్నాను, అంతే" అని. తరువాత ఇంటివారి క్షేమము, తల్లిదండ్రుల క్షేమము. అన్నిటికిని "జామ్ రెక్", అనగా "శాంతి మాత్రమే" అని చెప్పవలెను. కడుపునొప్పితో నున్నవాడు కూడ ముందు "శాంతి మాత్రమే" అని పిదపనే నొప్పి సంగతి చెప్పునట. తొందరలో ఈ పలుకరింపులు విడిచి సూటిగా పనిమాట యెత్తినవాడు వారి దృష్టిలో మర్యాద తెలియనివాడు.

ఇక వారి అంకెలు. బెన్, ఞార్, ఞెట్, ఞెంట్, జురోమ్, ఇవి ఒకటి మొదలు ఐదు. ఆరనగా జురోమ్ బెన్, ఐదునొకటి. ఏడనగా జురోమ్ ఞార్, ఐదును రెండు. చేతివ్రేళ్లే వారి గణితమునకు మూలము. నేను ముప్పదినాలుగేండ్లు పిల్లలచేత చవర్గాంతమందలి ఞకారమును దిద్దించితిని. దానితో మొదలగు మాట యొక్కటి చెప్పుమని యెవడైన నడిగిన గద్దించి కూర్చుండబెట్టితిని. ఆ మాటలు వొలోఫులో నున్నవని తెలిసిన దినమున ఆ బాలుర నందరిని పిలిచి చెప్పవలెనని యనిపించినది.

ఇప్పుడు అసలు సంగతికి వత్తును. మా యింట తరతరములుగా శాకాహారము. మా చెల్లెలు అమెరికాలో నుండియు ఆ నియమము తప్పలేదు, పిల్లచేత తప్పింపలేదు. సెనెగలువారి మధ్యాహ్నభోజనము చెబూజెన్, అనగా అన్నమును చేపయు. పెద్ద బేసిను నిండ అన్నము పరచి, నడుమ చేపలును, కర్రపెండలము, కేరెట్టు, కోసుగడ్డ, వంకాయ ముక్కలును పెట్టి చాపమీద నుంచెదరు. చుట్టును కూర్చుండి అందరును అందులోనే తినవలెను. కొందరు చేతితో, కొందరు చెమిచాతో. మగవారికొకటి, ఆడువారికిని పిల్లలకును ఒకటి. మత్స్యమొక యెత్తు, ఎంగిలి యొక యెత్తు. మా పిల్లకు మొదటిది బెంగ; అది విన్న నాకు రెండవది.

ఇంటి యిల్లాలు మంచిది. పిల్ల కష్టమెరిగి వేరుగా చిన్నగిన్నెలో అన్నము, కూరముక్కలు పెట్టి గదికి పంపెను. వారము దినములు అట్లే జరిగెను. ఎనిమిదవనాడు ఆ యింటి ఏడేండ్ల బాలిక గుమ్మమున నిలిచి, "నీకు జబ్బా? లేక మామీద కోపమా?" అని అడిగెనట. వేరుగా తినువారు జబ్బువారో, అలిగినవారో గాని వారింట మూడవరకమువారు లేరు.

ఆ రాత్రి మా మేనకోడలు, "మామయ్యా, నేనేమి చేయవలెను? అమ్మ నడిగిన ఏడ్చును" అని నాకు చెప్పి పంపెను. నేను ధర్మశాస్త్రములు కొంత చదివినవాడను. పరాన్నమును గూర్చి, సహపంక్తిని గూర్చి, ఆపద్ధర్మమును గూర్చి తోచిన దంతయు కూర్చుకొని మూడుదినములు తర్కించుకొంటిని. దీనికి నాకు పట్టిన కారణము శాస్త్రములు కావు. ఆ బాలిక యడిగిన ప్రశ్న నేను వెనుకనే యొకమారు వినియుంటిని.

1981లో నాకు తొలిగా తెలుగు పండితపదవి వచ్చిన పల్లెలో ఒక రైతు తన యింటి వసారాగది నాకు బాడుగ లేక యిచ్చెను. నాలుగేండ్లుంటిని. కిరసనాయిలు పొయ్యిమీద స్వయముగా వండుకొనుచుంటిని. ఆ యింటి తల్లి ప్రతిదినమును, "భోజనము చేసితిరా పంతులుగారూ?" అని యడిగెడిది, అయినదని నేననెడివాడను. పండుగనాడు బియ్యము, పప్పు, కాయగూరలు, నేయి విస్తరిలో పెట్టి స్వయంపాకము తెచ్చి గడపయొద్ద నుంచెడిది. ఒకనాడు ఆమె కుమారుడు, నా శిష్యుడే, "మా యింటి అన్నము చేదా, పంతులుగారూ?" అని యడిగెను. ఆచారమని చెప్పితిని. వాడు తల యూచెను. ఆ తల్లి 2009లో గతించినదని తరువాత విన్నాను. ఆమె చేతి మెతుకు నేనెరుగను.

నా సమాధానము పోవులోపలనే పిల్ల బేసినుయొద్ద కూర్చుండినది. కూర్చున్నపిదప ఆమెకు తెలిసినది, అచ్చట కూడ కట్టడి గలదని. ఎవరి యెదుటనున్న భాగము వారిదే. హద్దు దాటి చేయి చాపరాదు. నడుమనున్న ముక్కలు ఇంటి తల్లి విరిచి, ఎవరికెంతయో యెరిగి వారి వారి వైపునకు వేయును. పిల్లలు ఎడమచేతితో బేసిను అంచు పట్టుకొని చూపు దించి తినవలెను. ఆ తల్లి మా పిల్లవైపునకు కర్రపెండలము, కోసుగడ్డ మాత్రమే వేయుచుండెను, చేప వేయలేదు. చాలునని లేచిన "ఇంకను తినుము" అని గద్దించుచుండెను. కాని అన్నము ఉడుకునది చేపలు ఉడికిన నీటనే. ఈ సంగతి పిల్ల నాయొద్ద దాచలేదు. నేను మా చెల్లెలియొద్ద దాచితిని. ఈ ప్రసంగమువలన ఆమెకు తెలియగలదు.

ఆ అన్నము నూకలతో వండినదట. ఫ్రెంచివారు తమ యేలుబడిలోనిదే యైన ఇండోచైనానుండి మరలలో మిగిలిన నూకలను ఆ దేశమునకు చేరవేయగా, వారికి ఆ రుచియే అలవడినది. ఇప్పటికిని నిండుబియ్యముకంటె నూకలే వారికి ప్రియము. మన కాకినాడ రేవునుండి ఆఫ్రికా పడమటితీరమునకు ఓడలలో బియ్యము పోవుచున్నది. మన దేశపు నూకలును ఆ దేశమునకు విశేషముగా పోవును. 2022 సెప్టెంబరులో మన ప్రభుత్వము నూకల ఎగుమతిని నిషేధించినదని పత్రికలో చదివినప్పుడు నాకు తట్టినది ధరల సంగతి కాదు, ఆ బేసిను. 2025లో ఆ నిషేధము తొలగినది. మనలో "నూకలు చెల్లినవి" అనుమాట ఏ యర్థమున వాడుదుమో మీకు తెలిసినదే.

భోజనమైన పిదప అత్తాయ. చైనా పచ్చతేయాకును బొగ్గుల కుంపటిమీద మరిగించి, చిన్న గాజుగ్లాసులలో ఎత్తునుండి తిరుగబోసి నురుగు తెప్పించి, మూడుమారులు ఇత్తురు. మొదటిది చేదు, తరువాతవి క్రమముగా తీపి. ఈ తంతునకు గంటకు పైగా పట్టును. మొదట్లో మా పిల్లకు ఇది కాలహరణముగా తోచెను. వొలోఫు మాత్రము బడిలోకంటె ఆ కుంపటియొద్దనే వచ్చినదని చెప్పును.

వచ్చినవారికి ఆ యింటివారు తమ యింటిపేరు నిత్తురు. పేరు వచ్చిన వావులును వచ్చును. న్జాయ్ అను నింటిపేరువారికి జోప్ అను నింటిపేరువారితో పరిహాసపు వరుస. "మీరు అన్నముపోతు"లని ఒకరు, "మీరు మా బానిస"లని మరియొకరు సంతలో ముఖము తెలియనివారు కూడ ఎగతాళి చేసికొందురు. కోపము రాదు, రారాదు. మన వియ్యాలవారి సరసము లాడుట ఎరిగినవారికి ఇది వింత కాదు.

మూడు మాసములు గడచినపిదప ఆమె లోపలి సీమలో వేరుసెనగ పండు పల్లెకు పోయి రెండేండ్లు మరియొక యింట నుండి పనిచేసినది. ఆ పని సంగతి చెప్పవలసినయెడల వేరొక దినము కావలెను.

2019లో అమెరికాకు మరలుటకు ముందు తియెస్ ప్రాంతమందలి ఆ తొలి యింటికి సెలవు తీసికొన పోయెను. కుడిచేతితోనే ఇచ్చుట, పుచ్చుకొనుట వారికిని మనకును సమానమే. ఎడమచేయి చాచుట తప్పు. వాకిట నిలిచి ఆ యిల్లాలు కుడిచేతిని వెనుకకు పెట్టుకొని ఎడమచేతిని చాచెను. దూరము పోవువారికి అట్లే యిత్తురట, ఆ తప్పు దిద్దుటకైనను మరల రావలె నని. మా పిల్లయు ఎడమచేతినే యిచ్చినది. ఇంకను పోలేదు. వచ్చు సంవత్సరము పోవుదునని మొన్న చెప్పినది.