చలికాలంలో లాంగ్ రైడ్

ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్‌లో సైకిలు మీద 180 కిలోమీటర్లు తొక్కాలి. అందుకు చలికాలంలోనూ లాంగ్ రైడ్ తప్పదు. అయితే డిసెంబరులో న్యూజెర్సీలోని మన ప్లెయిన్స్‌బరోలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది, రోడ్ల మీద మంచు గడ్డకడుతుంది. అలాంటి రోజుల్లో ఇంట్లో సైకిలును బిగించి తొక్కే ట్రైనరే మేలు. పల్లం రాదు, సిగ్నల్ పడదు, కాళ్లకు విరామం ఉండదు. గాలి తగలదు కనుక ఒళ్లు మాత్రం వేడెక్కిపోతుంది. ఎదురుగా పెద్ద ఫ్యాను, చేతికందేంత దూరంలో రెండు సీసాల నీళ్లు పెట్టుకోండి.

కానీ ఈదురుగాలిలో సైకిలు నిలబెట్టుకోవడం, ముందుకు వంగి తొక్కుతూనే సీసా తీసి తాగడం, మలుపుకు ముందే బ్రేకు పట్టడం ఇంట్లో ఎంత తొక్కినా రావు. అందుకే ఎండ ముదరగానే లాంగ్ రైడ్ బయటికి మార్చేయండి. ఎత్తుపల్లాలు కావాలంటే హోప్‌వెల్ వైపు సోర్‌లాండ్ కొండలున్నాయి. డెలావేర్-రారిటన్ కాలువగట్టు మాత్రం కంకరదారి, సన్నటైర్ల సైకిలుకు పనికిరాదు.