శిఖర కలశము – స్వర్ణలేపనము



జీర్ణోద్ధరణ పనులు సాగుతున్న కాలంలో దాతలు కొందరు నన్ను అడిగారు: "అయ్యవారూ, కలశానికి పూర్వపు పద్ధతిలోనే బంగారు పూత వేయించరాదా? నేటి పూతలు నిలుస్తాయా?" ప్రశ్నలో భక్తి ఉన్నది. అయితే ఆ పద్ధతి ఎట్టిదో ఆలకించండి.

బంగారాన్ని పాదరసంలో కలిపి వెన్నముద్ద వలె చేసి, రాగి కలశానికి పట్టించి, నిప్పుల సెగపై కాస్తారు. పాదరసం ఆవిరై పోగా బంగారం నిలుస్తుంది. పోయిన ఆవిరి ఎక్కడికి పోయినట్లు? కాచినవాని ఊపిరితిత్తులలోనికి. ఆ ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. పీల్చినదానిలో ఇంచుమించు 80 శాతం దేహంలోనే నిలుస్తుంది. కొన్ని గంటలకు పొడిదగ్గు, చలిజ్వరం, ఎదపట్టు, ఆయాసం. జలుబు అనుకొని ఆ మనిషి పడుకుంటాడు. లోపల ఊపిరితిత్తుల సన్నని గాలి అరలు వాచి, నీరు చేరుతుంది. శ్వాస అందక ప్రాణమే పోవచ్చు. పాదరసాన్ని దేహం నుండి వెడలించే మందులున్నవి గాని, అవి దెబ్బతిన్న ఊపిరితిత్తిని బాగుచేయవు. ప్రాణవాయువు అందించి కాపాడుకొనవలసినదే. పసిబిడ్డలకు అపాయం మరింత అధికం. మన పాతబస్తీలో చార్‌కమాన్, గుల్జార్ హౌజ్ పరిసరాల ఇరుకు సందులను ఎరిగినవారికి ఇంతకు మించి చెప్పనక్కరలేదు.

పూర్వులు వాడలేదా అంటారు. రసశాస్త్రం పాదరసానికి అష్టాదశ సంస్కారాలు విధించింది. శోధించని రసాన్ని విషంగానే ఎంచింది. సంస్కరించిన రసమైనా నిప్పుపై పెడితే ఆవిరి ఆవిరే.

ఇక్కడ ఒక దాతను స్మరించాలి. పారిస్ నగరంలో రావ్రియో అనే కంచు వస్తువుల వ్యాపారి ఈ పూతపనివారి దుర్గతిని చూచి, 1814లో మరణించేటప్పుడు, వారిని కాపాడే ఉపాయం కనుగొన్నవారికి 3,000 ఫ్రాంకుల బహుమతి వీలునామాలో వ్రాసిపోయాడు. దార్సే అనే శాస్త్రజ్ఞుడు పొగను పైకి లాగివేసే కొలిమిని నిర్మించి దానిని పొందాడు. తన సొత్తు పెరిగినది ఎవరి ఊపిరితోనో ఎరిగిన మనిషి ఆ వ్యాపారి! అయినను, తరువాత రష్యాలో సెయింట్ ఐజాక్ దేవాలయ గోపురానికి ఇదే రీతిని బంగారు పూత వేసినప్పుడు అరవైమంది వరకు పనివారు మరణించారని చెబుతారు.

కావున మన కలశానికి రాగి రేకుపై బంగారు తాపడమే తగినది. విద్యుత్తుతో వేసే పూత అయినా సరే, అనుమతి గల కర్మశాలలోనే చేయించాలి. కలశానికి బంగారం అర్పించండి, పాదరసం కోరకండి.

మరొక మాట. ఇళ్లలో పాదరస లింగాలను అర్చించేవారు వాటిని హోమగుండానికి, దీపపు సెగకు దూరంగా ఉంచండి. ఎక్కడైనా పాదరసం కాగినట్లు తెలిస్తే పిల్లలతో సహా వెంటనే బయటకు రండి, చీపురుతో ఊడ్వకండి. ఆయాసం లేకపోయినా ఆసుపత్రికి వెళ్లి, పాదరసపు ఆవిరి పీల్చామని వైద్యునికి మీరే చెప్పండి. చెప్పకపోతే ఆయన దానిని మామూలు జ్వరమనే భావించవచ్చు.