హూ ఎవరికి, విచ్ దేనికి?

(వాడలో నడుస్తున్న సాయంత్రపు బడిలో పిల్లలు, తల్లిదండ్రులు, కార్యకర్తల ముందు ఒక ఇంగ్లీషు టీచరు చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల నన్ను ఇంగ్లీషు గ్రామర్ గురించి మాట్లాడమన్నరు. పొద్దంతా పత్తి ఏరి, మిరపకాయ కోసి వచ్చినోళ్లకు రాత్రి పూట గ్రామర్ ఏందని వెనక కూసున్నోళ్లు నవ్వుకుంటున్నరు. నాకు కనబడుతనే ఉన్నది. నవ్వుండ్రి. కానీ ఒక ముచ్చట వినుండ్రి. మన వాడల ఇరవై మూడు ఇండ్ల పట్టాలు ఒకప్పుడు రెండు కామాల నడుమ ఇరుక్కపోయినయి. ఆ కామాలు పెట్టింది నేనే. అది చెప్పేటందుకే వచ్చిన.

ముందుగాల ఒక పిల్ల సంగతి. తొమ్మిదో తరగతి. మా అమ్మానాన్నల గురించి ఇంగ్లీషులో పది వాక్యాలు రాయమంటే, ‘మై పేరెంట్స్ విచ్ వర్క్ ఇన్ కాటన్ ఫీల్డ్స్’ అని రాసింది. నేను ఎర్ర పెన్నుతో విచ్ కొట్టేసి హూ రాసిన. మనుషులకు హూ, వస్తువులకూ పశువులకూ విచ్ అని చెప్పిన. ఆ పిల్ల ఊకోలేదు. “సార్, మా ఎద్దు పని చేస్తే పని చేసేదే అంటం. మా అమ్మ పని చేసినా పని చేసేదే అంటం గదా. మరి ఇంగ్లీషుల ఎందుకు వేరే?” అని అడిగింది.

నాకు ఇరవై ఏండ్ల సర్వీసుల ఏ ఇన్‌స్పెక్షన్ల కూడా అసుమంటి ప్రశ్న ఎదురు కాలేదు.

ఆ పిల్ల అడిగింది నిజమే. మన తెలుగుల హూ, విచ్ అనే మాటలే లేవు. ‘పని చేసే మనిషి’, ‘పని చేసే ఎద్దు’, ‘పని చేసే మోటరు’. మూడింటికీ ‘చేసే’ అన్న ఒక్క మాటే. అందుకే మన పిల్లలకు విచ్ దగ్గర తప్పులొస్తయి. తెలివి తక్కువై కాదు, వాళ్ల భాష అట్లున్నది. ఇగ చివర వచ్చే ముక్క చూడుండ్రి. మగోడైతే ‘చేసేవాడు’. ఆడమనిషైతే ‘చేసేది’. ఎద్దయినా ‘చేసేది’, మోటరయినా ‘చేసేది’. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో స్త్రీలనూ, పశుపక్ష్యాదులనూ, జడపదార్థాలనూ పక్కన పెట్టి మిగిలినవాటికి ‘మహత్తు’ అని పేరు పెట్టిండు. అంటే మగోడు మహత్తు. అమ్మ మాత్రం బర్రెతోని, బండరాయితోని ఒక్క బంతిల కూసున్నది. బంతి భోజనాల సంగతి మనకు కొత్త కాదు గదా.

ఇది పండితుల సంగతి. ఊళ్లె దొరల సంగతి మీకు నేను చెప్పాల్నా? గడీల ముందట మన అవ్వలను ‘మాదిగది వచ్చింది’, ‘మాలది వచ్చింది’ అన్నరు. మన తాతలు తల నెరిసినా ‘వాడు’ అనే అన్నరు. ‘ఆయన’ అనే మాట మన గడప తొక్కేసరికి ఎన్ని తరాలు పట్టిందో మీ ఇంట్ల ముసలోళ్లను అడుగుండ్రి. కనుక మనిషిని మనిషి లెక్క చెప్పే మాట ఏది, వస్తువు లెక్క చెప్పే మాట ఏది అన్నది ఇంగ్లీషోని గొడవ మాత్రమే కాదు. 2022-23 నుంచి సర్కారు బడులల్ల ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. పిల్లలు ఎట్లాగూ నేర్చుకోవాలె. నేర్చుకునేదేదో కండ్లు తెరిచి నేర్చుకుందాం.

సరే, లెక్కకు వద్దాం. ఒక్క మనిషైనా, పది మందైనా, మనుషులను మనుషులుగ చెప్తే హూ. ‘పీపుల్ హూ’, ‘వర్కర్స్ హూ’, ‘విమెన్ హూ’. మరి గుంపును ఒక్క ముద్దగ చెప్తే? కులం, సంఘం, కమిటీ, తరగతి. ఇవి మనుషులతోనే నిండి ఉన్నా, ఒక్క వస్తువు లెక్క చూస్తే వాటికి విచ్ వస్తది. ‘కమిటీ విచ్ ఈజ్’. అదే కమిటీల ఉన్న మనుషులను తలుచుకుంటే ‘కమిటీ మెంబర్స్ హూ ఆర్’. ఫ్యామిలీ అనే మాటకు రెండూ నడుస్తయి. ఇంటిని ఒక్క లెక్కగ చూస్తే విచ్, ఇంట్ల మనుషులను చూస్తే హూ. దట్ అనే మాట మనుషులకూ, వస్తువులకూ రెండింటికీ పనికొస్తది. అది మన ‘చేసే’ లాంటిదే, పెద్దగ పేచీ పెట్టదు.

నేను బీఏ చదివే రోజులల్ల రాజ్యాంగం ఇంగ్లీషు ప్రతి మొదటిసారి చేతికొచ్చింది. 16వ అధికరణం నాలుగో క్లాజు, మన ఉద్యోగాల రిజర్వేషన్ నిలబడ్డ క్లాజు అది. వెనుకబడిన ‘క్లాస్ ఆఫ్ సిటిజన్స్’ అని రాసి, తర్వాత ‘విచ్’ అని ఉన్నది. నాకు కోపమొచ్చింది. పౌరులు అని రాసి మళ్లా విచ్ ఏంది, మనం వస్తువులమా అని. హాస్టల్ల ఒక రాత్రంతా దోస్తులతోని కొట్లాడిన. తర్వాత మా లెక్చరర్ ఒకాయన చెప్పిండు, “ఆ విచ్ సిటిజన్స్‌కు కాదు నాయినా, క్లాస్‌కు. అందుకే తర్వాత ‘ఆర్’ లేదు, ‘ఈజ్’ ఉన్నది చూడు.” చూస్తే నిజమే. 341వ అధికరణంల కూడా అంతే. షెడ్యూల్డు కులాలుగ భావించబడే కులాలు, జాతులు, తెగలు, వాటిలోని భాగాలు, సమూహాలు అని చెప్పే చోట ‘విచ్’ అనే ఉంటది. డ్రాఫ్టింగ్ కమిటీ అధ్యక్షుడు బాబాసాహెబే. ఆయనకు హూ తెల్వక కాదు. 1946ల ఆయన శూద్రుల మీద రాసిన పుస్తకం పేరే హూ తోని మొదలైతది. 1948ల అంటరానివాళ్ల మీద రాసిన పుస్తకం పేర్ల కూడా హూ ఉన్నది. అది ప్రశ్న అడిగే హూ, మనం మాట్లాడే హూ వేరు. అయినా మాట ఒక్కటే. వీళ్లు ఎవరు అని అడిగిండు గాని, ఇది ఏంది అని అడగలేదు.

ఇంకోటి. చర్చికి పోయేటోళ్లు ఈడ శానా మందే ఉన్నరు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్ల పరలోక ప్రార్థన చూస్తే, తండ్రి అయిన దేవునికి కూడా విచ్ అనే రాసిండ్రు. అప్పట్ల అది తప్పు కాదు. ఇప్పుడు అట్ల రాస్తే మార్కులు పోతయి. భాష మారుతది. దొరల భాష గూడ మారింది గదా, కొంచమన్నా.

ఇగ కామా ముచ్చట. కొన్నేండ్ల కింద ఇండ్ల పట్టాల కోసం ఒక అర్జీ రాసిన. మన వాడల అప్పుడు అరవై రెండు ఇండ్లు. అందుల పట్టాలు లేనివి ఇరవై మూడు. ఇంగ్లీషుల రాస్తే పైదాకా తొందరగ పోతదని ఎవరో అన్నరు. నాకూ కొంచెం గొప్ప. ‘ద ఎస్సీ ఫ్యామిలీస్ ఆఫ్ అవర్ విలేజ్’ అని రాసి, కామా పెట్టి, ‘హూ హ్యావ్ నో పట్టాస్’ అని రాసి, మళ్లా కామా పెట్టి, గుడిసెలల్ల ఉంటున్నరు అని ముగించిన. హూ సరిగ్గనే రాసిన. కామాలు కాటేసినయి.

ఎందుకంటే ఇంగ్లీషుల కామా లేకుంట ‘ఫ్యామిలీస్ హూ హ్యావ్ నో పట్టాస్’ అంటే, పట్టాలు లేని కుటుంబాలు మాత్రమే అని అర్థం. అటొక కామా ఇటొక కామా పెడితే, మా కుటుంబాలు అన్నీ, వాటన్నిటికీ పట్టాలు లేవు అని అర్థం. కొన్ని అనుకొని రాసిన నేను, అన్నీ అని సంతకం పెట్టిన. మూడు నెలలకు జవాబు వచ్చింది. విచారణ చేసినం, సగం మంది కంటే ఎక్కువకు పట్టాలున్నయి, అర్జీలో ఉన్నది నిజం కాదు, అర్జీ మూసేసినం అని. ఆ రాసినాయనకు మన మీద ప్రేమ లేకపోవచ్చు, అది వేరే సంగతి. కానీ సాకు నేనే అందిచ్చిన. జవాబు చదివి చెప్తుంటే ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకొని, “కొడుకా, నీ ఇంగిలీసు నా ఇల్లు మింగిందిరా” అన్నది. ఆ రాత్రి నాకు బువ్వ పోలేదు.

తెలుగుల ఈ చిక్కు కనబడది. ‘పట్టాలు లేని మా కుటుంబాలు’ అంటే కొన్నా, అన్నా? రెండూ అయితది. ఊరు తెలిసినోళ్లకు అర్థమైతది గనుక మనం పట్టించుకోం. ఇంగ్లీషు కాగితం మాత్రం ఊరు తెల్వని మనిషి టేబుల్ మీదికి పోతది.

పేపర్లల్ల ఈ కామా ఎట్ల పని చేస్తదో పిల్లలు చూడాలె. తాగే కూలీలు కొందరు ఇంట్ల గొడవ చేస్తరు అనుకోండి. ‘లేబరర్స్ హూ డ్రింక్’ అంటే ఆ కొందరే. ‘లేబరర్స్’ దగ్గర కామా పెట్టి ‘హూ డ్రింక్’ అని, మళ్లా కామా పెడితే ఊళ్లె ఉన్న కూలోళ్లందరి చేతికీ సీసా ఇచ్చినట్టు. ఒక్కల మీద నింద కాదది, జాతి మీద. కులం పేరు ముందు పెట్టి, కామా పెట్టి ఎవరన్నా రాస్తే అక్కడ ఆగి రెండుసార్లు చదువుండ్రి. బ్రిటిషోడు 1871ల తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేసింది ఇదే పని. తెగల దొంగలుంటే వాళ్లను పట్టాలె గాని, తెగనే దొంగ అన్నడు. 1952 దాకా ఆ చట్టం పోలేదు. స్టువర్టుపురం ఎరుకలోళ్లను అడిగితే చెప్తరు, చట్టం పోయినంక గూడ ఆ పేరు ఎన్నేండ్లు వెంటబడ్డదో.

వర్గీకరణ మాట ఎత్తకుంటే దాటేసిండు అంటరు. ఈడ మాల, మాదిగ, ఉపకులాలు అందరున్నరు, నేను తగవు పెట్టేటందుకు రాలేదు. షెడ్యూల్డు కులాలు అంతా ఒకే సజాతీయ తరగతి, విడగొట్టరాదు అని 2004ల చిన్నయ్య కేసుల సుప్రీంకోర్టు అన్నది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచి ఆరుగురి మెజారిటీతోని, విడగొట్టొచ్చు అన్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల 59 కులాలు మూడు గ్రూపులైనయి. ఆ తీర్పులు విచ్ అనే మాట మీద రాలేదు, అట్ల నేను చెప్తలేను. కానీ ముద్దను చూడాల్నా, ముద్దల ఎవరి కంచంల ఎంత పడ్డదో చూడాల్నా అన్న పేచీ మాత్రం అదే. క్లాసురూముల విచ్, హూ చెప్పేటప్పుడు నాకు ఇది యాదికొస్తది.

అర్జీ సంగతి సగంల ఆపిన. రెండోసారి కామాలు తీసేసినం. ‘ద ట్వంటీ త్రీ ఫ్యామిలీస్ హూ హ్యావ్ నో పట్టాస్’ అని రాసి, ఇంటి యజమానురాలి పేరుతోని ఒక్కొక్క ఇంటి లిస్టు వెనక కుట్టినం. తిరగంగ తిరగంగ ఎనిమిది నెలలకు సర్వేకు వచ్చిండ్రు. పద్నాలుగు ఇండ్లకు పట్టాలొచ్చినయి. తొమ్మిది ఇంకా ఉన్నయి. ఆ ముసలమ్మది తొమ్మిదిట్లనే ఉన్నది.

ఆ తొమ్మిది ఇండ్లోళ్లు ఆదివారం పొద్దుగాల ఈడికే రావాలె. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, ఏది ఉంటే అది తెచ్చుకోండి. అర్జీ తొమ్మిదో తరగతి పిల్లలు రాస్తరు. నేను పక్కన కూసోని కామాలు చూస్త.