ఎఱ్ఱ మాత్ర – ఇంటి జాగ్రత్త

నరసరావుపేట ముఖ్యపట్టణముగా 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో మిరపచేను స్త్రీల చేతులమీదనే నడచును. మాచర్ల, గురజాల ప్రాంతములలో కోతల కాలమున దినమెల్ల కాయ కోసి, ఇల్లు చేరి మరల పొయ్యి రాజేయుదురు. అంత చాకిరికి ఒంట రక్తము ఉండవలెను గదా! 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో సగముకంటె ఎక్కువమంది రక్తహీనతతో ఉన్నారు. గర్భిణులకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఎఱ్ఱ మాత్రలు ఉచితముగా ఇచ్చుట అందుకొరకే. వాటి వాడుకను గురించి మేము నేడు మనవి చేయుచున్నాము.

ఒక్కొక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును. ప్రాణవాయువును మోయు హీమోగ్లోబిన్‌కు ఇనుము మూలము. క్రొత్త రక్తకణములు పుట్టుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. ఆ ఆమ్లమును 1945లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

గర్భిణి నాల్గవ నెల మొదలు 180 దినములు, ప్రసవమైన పిదప మరి 180 దినములు, దినమునకు ఒక్క మాత్ర వేసికొనవలెను. రక్తము మరీ తక్కువైనచో మోతాదును వైద్యులే నిర్ణయింతురు. తలసేమియా వంటి వ్యాధి ఉన్నవారు ముందుగా వారిని అడుగవలెను. ఒకనాడు మరచినచో మరునాడు రెండు మ్రింగరాదు. టీ, కాఫీ, పాలు, కాల్షియము మాత్రలు ఇనుమును ఒంటబట్టనీయవు; కనుక 2 గంటలైన ఎడముండవలెను. చేనిగట్టున టీతో మాత్ర వేసికొనుటకంటె, రాత్రి భోజనమైన పిదప నీటితో వేసికొనుట మేలు, వికారమును తగ్గును. మలము నల్లబడుట ఇనుమువలననే, భయపడి మానరాదు.

ఇట్లు భయపడి మానినచోటనే మరియొక అపాయము పొంచియున్నది. మిగిలిన మాత్రలు గూటిలోనో, దిండు క్రిందనో పడియుండును. ఎఱ్ఱని రంగు, పైన చక్కెర పూత! పసివానికది పిప్పరమెంటు బిళ్ళయే. పది కిలోల బిడ్డ పది మాత్రలు మ్రింగినచో ప్రాణాపాయము. అంతకు తక్కువైనను ఉపేక్షింపరాదు. మొదట వాంతులు, కడుపునొప్పి, విరేచనములు కలుగును. పిదప కొన్ని గంటలు బిడ్డ తేరుకొన్నట్లు కనబడవచ్చును. ఆ తేరుకోలును నమ్మరాదు. ఆ వేళనే లోపల కాలేయము చెడుచుండవచ్చును. బలవంతముగా వాంతి చేయింపక, లక్షణములకై వేచియుండక, వెంటనే 108కు ఫోను చేసి, మాత్రల అట్టనుగూడ తీసికొని ఆసుపత్రికి పోవలెను.

ఇంటివారికి మా మనవి ఒక్కటి. కోడలు మాత్ర వేసికొన్నదా అని అత్తగారో, భర్తయో ప్రతిరాత్రి అడుగవలెను. వేసికొన్న పిదప అట్టను పిల్లలకందని తాళపుపెట్టెలో ఉంచవలెను. వాడక మిగిలినవానిని ఆశా కార్యకర్తకు తిరిగి అప్పగింపవలెను.