తాబేళ్ళ తీరాన ఒక కుండపెంకు

ఖురం నుంచి మాట్లాడుతున్నాను. నేను చదివింది ఎం.టెక్., చేసేది కంప్యూటర్ కన్సల్టింగు. చరిత్ర నా చదువు కాదు. మరి హరప్పా, మొహెంజొదారో గురించి మాట్లాడే అర్హత నీకేమిటి అంటే, ఒక తప్పు చేశాను కాబట్టి. ముందు అది ఒప్పుకుంటాను.

శుక్రవారాలు మా ఇంటి హాల్లో చుట్టుపక్కల పిల్లలకి తెలుగు చెబుతూ ఉంటాను. పోయినేడాది ఒక శుక్రవారం గుణింతాలు దిద్దించీ దిద్దించీ, వాళ్ళ మొహాల్లో నిద్ర చూసి, కాస్త హుషారు తెప్పిద్దామని "నాలుగున్నర వేల ఏళ్ళ కిందటే మన తెలుగువాళ్ళు ఓడలేసుకుని ఈ ఒమాన్ వచ్చారు, తెలుసా?" అన్నాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నెల తిరక్కుండా నాలుగో తరగతి చదివే మా అమ్మాయి "మేముండే ఊరు" అన్న వ్యాసంలో అదే మాట రాసింది. టీచరు దాని కింద ఎర్ర గీత గీసి, "ఇది నీకెలా తెలుసు?" అని రాశారు. అమ్మాయి ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "డాడీ, ఎలా తెలుసు?"

ఎవరో పంపిన ఈమెయిల్లో చదివాను, అంతకంటే ఆధారం లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. క్లయింటు దగ్గర ఒక్క అంకె తప్పు చెబితే పది సార్లు క్షమాపణ చెప్పుకుంటాం, పిల్లల దగ్గర మాత్రం ఏం చెప్పినా చెల్లిపోతుందనుకుంటాం! అప్పటినుంచి దొరికినంత చదివాను, వీలైనన్ని చోట్లు చూశాను. మా క్లాసుకొచ్చే పిల్లల తల్లిదండ్రులు చాలామంది ఈ రేడియో వింటారు కాబట్టి దిద్దుబాటు కూడా ఇక్కడే చేసుకుంటున్నాను.

ముందు మన ఖురం సంగతి. ఖురం అనే పేరు అరబ్బీలో మడచెట్లకి చెప్పే మాటలోంచి వచ్చింది. మన బీచ్ రోడ్డు పక్కనున్న మడ అడవిలోనూ, కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లోనూ ఒకే జాతి చెట్లున్నాయి. ఆ మడ పక్కనే సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము రాస్ అల్ హమ్రా. 1980లలో ఇటలీ పరిశోధకులు అక్కడ తవ్వితే, క్రీ.పూ. నాలుగో సహస్రాబ్దానికి చెందిన బెస్తవాళ్ళ పల్లె, శ్మశానం బయటపడ్డాయి. గుల్లలతో చేసిన గాలాలు, వలలకి కట్టే రాతి గుండ్లు, తిని పారేసిన నత్తగుల్లల కుప్పలు దొరికాయి. కాళ్ళు ముడిచి పక్కకి పడుకోబెట్టిన అస్థిపంజరాలు, కొన్నిటి పక్కన సముద్రపు తాబేలు ఎముకలు కనిపించాయి. అంటే హరప్పా, మొహెంజొదారోలు మహానగరాలు కాకమునుపే మనం ఉండే పేటలో ఊరుంది. వాళ్ళు ఇక్కడివాళ్ళే. మనవాళ్ళు వచ్చి వీళ్ళకి నాగరికత నేర్పారన్న మాట, మా పిల్లలు నా కథలోంచి అలాగే అర్థం చేసుకున్నారు లెండి, అక్కడే తేలిపోయింది.

ఇప్పుడు రాస్ అల్ జింజ్ వెళదాం. ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే మనందరం తీసుకెళ్ళే చోటే కదా! సూర్ దాటి, అర్ధరాత్రి దాకా మేలుకుని, గైడు వెంట చప్పుడు చెయ్యకుండా నడిచి, తాబేలు గుడ్లు పెట్టడం చూసి వచ్చేస్తాం. నేనూ మూడుసార్లు అలాగే వచ్చేశాను. నాలుగోసారి మా నాయన వచ్చినప్పుడు, ఆయనకి రాత్రిపూట చూపు తక్కువ కాబట్టి పగలే వెళ్ళాం. అక్కడి మ్యూజియంలో తాబేళ్ళతో పాటు తవ్వకాల సంగతి కూడా ఉంది. తీరంలో 1985 నుంచి మౌరిజియో తోసి, సెర్జ్ క్లెజియూ అనే ఇద్దరి ఆధ్వర్యంలో ఇటలీ, ఫ్రాన్సు బృందాలు తవ్వకాలు చేశాయి. సుమారు క్రీ.పూ. 2500 నుంచి 2200 మధ్య కాలపు మట్టి ఇటుకల ఇళ్ళు బయటపడ్డాయి. ఆ ఇళ్ళలో సింధు లోయ సరుకు దొరికింది. దంతపు దువ్వెన, సింధు లిపి గుర్తులు గీసిన కుండపెంకు, ఆ గుర్తులే ఉన్న రాగి ముద్ర.

ఆ పెంకు నల్లటి పూత పూసిన పెద్ద జాడీలోది. ఇలాంటి జాడీల పెంకులు ఒమాన్ లో చాలాచోట్ల దొరికాయి. మట్టిని పరీక్షిస్తే అది సింధు మైదానపు మట్టే అని తేలింది. అంటే ఖాళీ జాడీ ఇక్కడ చేసుకోలేదు, నిండు జాడీ అక్కణ్ణుంచి వచ్చింది. లోపల ఏముందన్న దాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు, నెయ్యి అంటారు కొందరు, ఊరవేసిన సరుకేదో అంటారు ఇంకొందరు. మా ఆవిడ మాత్రం తేల్చేసింది, "పచ్చడే అయ్యుంటుంది. ఊరు దాటేవాడు పచ్చడి లేకుండా దాటతాడా?" అని. మస్కట్ ఎయిర్ పోర్టులో బెల్టు మీద ఎన్ని ఆవకాయ జాడీలు తిరుగుతాయో చూసినవాళ్ళెవరూ ఆవిడతో వాదించలేరు!

ఆ జాడీ బయల్దేరిన నగరాల సంగతి వింటే నా వృత్తివాళ్ళకి ముచ్చటేస్తుంది. క్రీ.పూ. 2600 నుంచి 1900 దాకా వర్ధిల్లిన నగరాలవి. కాల్చిన ఇటుక ఎక్కడ చూసినా ఎత్తు, వెడల్పు, పొడుగు 1:2:4 పాళ్ళలో ఉంటుంది. మొహెంజొదారోలో ఇటుకలతో కట్టి మూతలేసిన మురుగు కాలవలు వీధుల వెంబడి పోతాయి. అక్కడి మహాస్నానవాటిక సుమారు 12 మీటర్ల పొడుగు, 7 మీటర్ల వెడల్పు, నీళ్ళు ఇంకకుండా తారు పూత. ఇక తూకపు రాళ్ళు! 1, 2, 4, 8, 16, 32, 64... రెట్టింపవుతూ పోతాయి. మనం ఆఫీసులో రోజూ చూసే వరసే కదండీ ఇది! అన్నిటికంటే ఎక్కువ దొరికేది 16వ రాయి, 13 గ్రాముల చిల్లర. మొన్నమొన్నటిదాకా రూపాయికి పదహారణాలు లెక్కపెట్టిన దేశం మనది. ఆ పదహారుకీ ఈ పదహారుకీ సంబంధం ఉందని నేను అనను. ఒకసారి అని చూశాను చాలు.

కళ అనగానే మనకి అమరావతి శిల్పాలో, అజంతా గుహలో గుర్తొస్తాయి. హరప్పావాళ్ళ కళ అంతా అరచేతిలో ఇమిడిపోతుంది. రెండున్నర సెంటీమీటర్ల ముద్ర మీద ఎద్దు గంగడోలు ముడతలు లెక్కపెట్టుకోవచ్చు. నాట్యగత్తె అని పేరుపడ్డ కంచు బొమ్మ ఎత్తు పది సెంటీమీటర్ల పైచిలుకు. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి లోహం పోసే పద్ధతిలో చేసింది. మన ఆదిలాబాద్ ఓజులు డోక్రా బొమ్మలు ఇప్పటికీ అలాగే పోస్తారు. ఎర్రటి కెంపురాయి పూసలైతే, ఒక్కొక్కటి పది సెంటీమీటర్ల పైన పొడుగున్నవి కూడా ఉన్నాయి. నిలువునా బెజ్జం వెయ్యాలి, రాయి పగలకూడదు. జొనాథన్ మార్క్ కెనోయర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఆ పాత పద్ధతిలో తొలిచి చూస్తే గంటకి రెండున్నర మిల్లీమీటర్లు దిగిందట. పది సెంటీమీటర్లకి నలభై గంటలు, అంటే మన లెక్కలో వారం రోజుల పని. ఒక్క పూసకి! ఇటువంటి పూసలే ఇరాక్ లోని ఉర్ నగరపు రాజసమాధుల్లో కూడా దొరికాయి.

ఇంతటి నగరాలవాళ్ళు ఈ ఎండకొండల మధ్యకి ఎందుకొచ్చారు? రాగి కోసం. ఆ రోజుల్లో ఇరాక్ వాళ్ళు ఈ ప్రాంతాన్ని మగన్ అనీ, సింధు దేశాన్ని మెలుహ్హా అనీ పిలిచేవారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. క్రీ.పూ. 2300 ప్రాంతంలో అక్కద్ రాజు సర్గోన్, మెలుహ్హా, మగన్, దిల్మున్ ఓడలు తన రేవులో కట్టాయని శాసనంలో గొప్పగా చెప్పుకున్నాడు. దిల్మున్ అంటే బహ్రెయిన్ వైపు.

మరి ఆ ఓడలెలాంటివి? రాస్ అల్ జింజ్ లోనే మూడొందలకి పైగా తారు పెళ్ళలు దొరికాయి. వాటికి ఒక పక్క రెల్లుకట్టల, తాళ్ళ అచ్చులు, రెండో పక్క సముద్రంలో ఓడ అడుక్కి పట్టే గుల్లలు. అంటే అవి ఓడకి పూసిన తారు పెచ్చులు. వాటిని చూసే టామ్ వోస్మర్ అనే ఆయన రెల్లుతో ఒక పడవ కట్టించి, మగన్ అని పేరుపెట్టి, 2005 సెప్టెంబరులో సూర్ నుంచి గుజరాత్ తీరానికి బయల్దేరదీశాడు. కొన్ని గంటలు తిరక్కుండానే నీళ్ళెక్కి మునిగిపోయింది. మనుషుల్ని ఒమాన్ నౌకాదళం కాపాడింది. ఇది విన్నప్పుడు మా అమ్మాయి "మరి అప్పటి వాళ్ళని ఎవరు కాపాడేవాళ్ళు?" అనడిగింది. మూడు గంటల విమానానికి చెకిన్ లైను పొడుగుందని సణుక్కునే నాకు ఆ ప్రశ్న కాస్త తగిలింది.

ఇక ఇటీవలి సంగతి. మన సోహార్ వైపు, సహమ్ దగ్గర దహ్వా అనే చోట సుల్తాన్ ఖాబూస్ యూనివర్సిటీ వాళ్ళు తవ్వుతున్నారు. అదొక రాగి కరిగించే ఊరు, అక్కడ కూడా సింధు కుండలే కుండలు. ఒక కట్టడంలో, చూడబోతే పూజలకో ఉత్సవాలకో కట్టిందిలా ఉంది, రెండు రాగి తాళాలు ఒకదానిమీద ఒకటి పెట్టినవి దొరికాయి. భజనలో వాయిస్తామే, ఆ తాళాలే, కాస్త పెద్దవి. ఈ వివరాలు 2025లో అచ్చయ్యాయి. ఆకారం సింధు లోయలో దొరికిన తాళాల్లాగే ఉంది. అక్కణ్ణుంచే తెచ్చారనుకుంటాం కదా? లోహాన్ని పరీక్షిస్తే రాగి ఒమాన్ ది! జాడీ అంటే సరుకు, ఓడ దిగి చేతులు మారుతుంది. తాళాలు అలా కాదు. ఇక్కడి రాగితో అక్కడి తాళం పోశారంటే, ఆ పాట తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో కూర్చుని పాడి ఉండాలి, పక్కన ఈ ఊరివాళ్ళు విని ఉండాలి. పరిశోధకులు కూడా ఇంచుమించు ఇలాగే అంటున్నారు. నేను చదివినవాటన్నిట్లో నా మనసుకి పట్టింది ఇదే.

సరే, అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఆ పాట ఏ భాషలో? ఆ ఓడల్లో తెలుగువాళ్ళున్నారా?

సింధు లిపిని ఇంతవరకూ ఎవరూ అందరూ ఒప్పుకునేలా చదవలేదు. ఒక్కొక్క రాతలో సగటున అయిదు గుర్తులు, అంత చిన్న ముక్కలతో తాళంచెవి దొరకడం కష్టం. 2025 జనవరిలో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్, దాన్ని చదివినవాళ్ళకి పది లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించారు. ద్రావిడ భాష అయ్యుండవచ్చని అస్కో పార్పోలా, ఐరావతం మహదేవన్ వంటి పెద్దలు వాదించారు. కాదనేవాళ్ళూ ఉన్నారు. ప్యారిస్ లూవ్ర్ మ్యూజియంలో అక్కద్ కాలపు ముద్ర ఒకటుంది, దాని యజమాని పేరు శు-ఇలిషు, వృత్తి మెలుహ్హా భాషకి దుబాసీ. ఆ భాష తెలిసిన మనిషిగా ఆయన పేరుతో సహా మనకి మిగిలాడు, ఆయనేమో పేరూ వృత్తీ చెప్పి ఊరుకున్నాడు!

రక్తం మాటకొస్తే, 2019లో హర్యానాలోని రాఖీగఢీ సమాధిలోని ఒక స్త్రీ ఎముకల నుంచి జన్యువుల వివరాలు తీశారు. ఆ జనం వారసత్వం ఈనాటి దక్షిణాసియా వాళ్ళలో ఎక్కువమందిలో పెద్ద పాలుగా ఉందని తేలింది. కాబట్టి చుట్టరికం ఉంది. ఆ చుట్టరికం మనకెంతో పంజాబీలకీ, పాకిస్తానీలకీ, సింహళీయులకీ కూడా ఉంది.

ఆ కాలంలో మన నేల మీద ఏముంది అని వెతికితే నేను మా జిల్లాకే వెళ్ళి తేలాను. మాది పాలమూరు. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, మా పాలమూరు వైపు ఇంకో ఉట్నూరు ఉంది. అక్కడి బూడిద దిబ్బని 1957లో ఆల్చిన్ అనే ఇంగ్లీషాయన తవ్వాడు. మొహెంజొదారోలో స్నానవాటిక కట్టిన ఆ సహస్రాబ్దంలోనే మావైపు మనుషులు గుంజలు పాతి పశువుల దొడ్లు కట్టుకున్నారు, పేడ పోగులు పడితే తగలబెట్టారు, మళ్ళీ కట్టారు, మళ్ళీ తగలబెట్టారు. నగరాల్లేవు, ముద్రల్లేవు. బూడిద పొరల మధ్య పశువుల గిట్టల గుర్తులు మాత్రం చెక్కు చెదరకుండా మిగిలాయి.

ఇది మా నాయనకి ఫోనులో చెప్పాను. పిల్లలకి చెప్పుకోవడానికి ఓడలు పోయి పేడకుప్ప మిగిలిందే అని నా బాధ. ఆయన జీవితమంతా పశువుల మధ్య గడిపిన మనిషి. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాన పడ్డంక దొడ్లె ఎద్దు తొక్కితే గిట్ట అట్లనే దిగవడతది. అది ఎన్నేండ్ల కిందటి ఎద్దు అంటివి?" అన్నాడు. నాలుగు వేల పైన అన్నాను. "అట్లనా..." అని, ఆ దిబ్బ ఎక్కడుందో దారి అడిగాడు.

పోయిన శుక్రవారం పిల్లలందరినీ కూర్చోబెట్టి ఇదంతా మళ్ళీ చెప్పాను. మొదట చెప్పింది తప్పని కూడా చెప్పాను. ఒకబ్బాయి "అయితే అంకుల్, తెలుగువాళ్ళు రాలేదా?" అని నిరుత్సాహపడ్డాడు. "వచ్చారో లేదో ఆ గుర్తులు చదివితే గానీ తెలీదు" అన్నాను. వాడు నోటుబుక్కు వెనకట్ట మీద గుర్తులన్నీ ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. మా అమ్మాయి వ్యాసం తిరగరాసింది. తెలుగువాళ్ళ వాక్యం కొట్టేసి, జాడీ బొమ్మ ఒకటీ, ఎద్దు గిట్ట బొమ్మ ఒకటీ పక్కపక్కన వేసింది. రెంటికీ మధ్య కొంత చోటు ఖాళీగా వదిలింది. ఎందుకే అంటే, "అక్కడ సముద్రం వెయ్యాలి, నీలం రంగు అయిపోయింది" అంది.

ఈసారి రాస్ అల్ జింజ్ వెళ్ళేవాళ్ళు దయచేసి ఒక గంట ముందు, వెలుగుండగా చేరుకోండి. తాబేళ్ళు ఎలాగూ రాత్రికే వస్తాయి.